చుపకాబ్రా భయంతో కొన్న రాత్రి కెమెరా: పదకొండు నెలల వాడకం తర్వాత

టెక్సాస్‌లో సాన్ ఆంటోనియో నగరానికి ఆగ్నేయంగా మాకు పన్నెండు ఎకరాల గడ్డి నేల ఉంది. అందులో నలభై దాకా బోయర్ మేకలను పెంచుకుంటున్నాము. నిరుడు ఫిబ్రవరిలో, సరిగ్గా మేకలు ఈనే రోజుల్లో, మూడు వారాల లోపల ఐదు మేకపిల్లలు, ఒక చూడి మేక చనిపోయాయి. మొదటి కళేబరాన్ని చూడడానికి వచ్చిన పక్క రాంచ్ పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, మెడ మీది రెండు రంధ్రాలను చాలాసేపు చూసి, ఇది మేకల రక్తం పీల్చేస్తుందని ఇక్కడివారు చెప్పుకునే చుపకాబ్రా అనే వింత జంతువు పనే అన్నారు. ఆయన డెబ్బై ఏళ్లుగా ఈ నేల మీద పశువులను కాస్తున్న మనిషి, అబద్ధం ఆడే మనిషి కాదు. ఆయన మాటను తేలిగ్గా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు, అలాగని నమ్మడానికీ మనసొప్పలేదు. అందుకే ఆ వారాంతంలోనే రాత్రిపూట దానంతట అదే ఫొటోలు తీసే ట్రెయిల్ కెమెరాలు రెండు కొన్నాను. ఈ సమీక్ష ఆ కెమెరాల గురించి, అవి చూపించినదాని గురించి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఒక్కొక్కటి 70 డాలర్ల లోపు దొరికే ఈ తరగతి కెమెరాలన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి, వాటి లోపాలు కూడా ఒకటే. లోపల ఒంటి వేడిని పసిగట్టే సెన్సార్ ఒకటి ఉంటుంది. పరిసరాల కన్నా వేడిగానో చల్లగానో ఉన్న వస్తువు దాని ముందు కదిలితే కెమెరా మేల్కొని ఫొటో తీసి, తేదీ, సమయం అచ్చువేసి, మెమరీ కార్డులో దాస్తుంది. రాత్రిపూట మన కంటికి కనిపించని, లేదా అతి మసకగా ఎర్రగా కనిపించే పరారుణ దీపాలతో వెలుగు ఇచ్చుకుంటుంది కాబట్టి రాత్రి ఫొటోలన్నీ నలుపు తెలుపుల్లోనే వస్తాయి. ఆ దీపాలు రెండు రకాలు. 850 నానోమీటర్ల రకం ఎక్కువ దూరం వెలుగునిస్తుంది గాని నేరుగా చూస్తే ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. 940 నానోమీటర్ల రకం కనిపించదు గాని దాని వెలుగు అంత దూరం పోదు. నేను మొదటి రకం తీసుకున్నాను. దొడ్డి మూల నుంచి కంచె దాకా యాభై అడుగులు ఉంటుంది, అంత మేరా నాకు వెలుగు కావాలి.

కెమెరా చెప్పిన సంగతుల్లోకి పోయే ముందు, ఈ చుపకాబ్రా అనే పేరు మా దొడ్డి దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. అది తెలియకుండా రాత్రి మూడు గంటల వేళ తీసిన ఫొటోను చూస్తే ఎంతటివారైనా తడబడతారు.

స్పానిష్‌లో ఆ మాటకు మేకలను పీల్చేది అని అర్థం. ఈ కథ పుట్టినిల్లు పోర్టో రికో ద్వీపం. అక్కడ మోకా అనే ఊరి పరిసరాల్లో 1975లోనే పశువులు చనిపోతే దాన్ని మోకా రక్తపిశాచి పని అన్నారు గాని, చుపకాబ్రా అనే పేరు మాత్రం 1995 నాటిది. ఆ ఏడాది మార్చిలో ఒంటి మీద రంధ్రాలతో ఎనిమిది గొర్రెలు చచ్చిపడి కనిపించాయి. ఆగస్టులో కనోవానాస్ పట్టణంలో ఒక మహిళ ఆ జంతువును తన ఇంటి ముందు కళ్లారా చూశానన్నారు. రెండు కాళ్ల మీద నడిచే నాలుగైదు అడుగుల ఆకారం, పెద్ద కళ్లు, వీపు పొడవునా ముళ్లు. ఆ పేరు పెట్టింది సిల్వెరియో పెరెజ్ అనే పోర్టో రికో హాస్యనటుడు, రేడియో వ్యాఖ్యాత. కనోవానాస్ మేయర్ చెమో సోటో వాలంటీర్లను వెంటబెట్టుకుని బోనుతో సహా వేటకు బయలుదేరారు. మరుసటి ఏడాదికల్లా మెక్సికోలోనూ ఫ్లోరిడాలోనూ చూశామన్నవారు పుట్టుకొచ్చారు.

ఈ మొదటి కథనం మీద అమెరికన్ పరిశోధకుడు బెంజమిన్ రాడ్‌ఫోర్డ్ ఐదేళ్లు పనిచేశారు. ఆయన తేల్చిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1995 జులైలో విడుదలైన స్పీషీస్ అనే హాలీవుడ్ సినిమాలోని జీవికీ, ఆగస్టులో ఆ మహిళ వర్ణించిన ఆకారానికీ పోలికలు ఒకటి రెండు కాదు, వీపు మీది ముళ్లతో సహా చాలా ఉన్నాయి, పైగా ఆమె ఆ సినిమా చూశారు కూడా. ఆమె కావాలని కల్పించారని నేను అనడం లేదు. మసక వెలుతురులో క్షణకాలం కనిపించిన దేన్నో గుర్తు తెచ్చుకునేటప్పుడు, ఖాళీలను మనసు తన దగ్గర ఉన్న బొమ్మలతోనే పూరించుకుంటుంది. అది మనుషులందరికీ ఉన్న స్వభావం. ఆ తర్వాత చూశామన్నవాళ్లలో చాలామంది అప్పటికే పత్రికల్లో వచ్చిన చిత్రాన్ని చూసి ఉండవచ్చు.

టెక్సాస్‌కు వచ్చేసరికి ఈ జంతువు రూపమే మారిపోయింది. ఇక్కడ అది నాలుగు కాళ్ల మీద నడుస్తుంది, ఒంటి మీద వెంట్రుకలు ఉండవు, చర్మం నీలం కలిసిన బూడిద రంగు, చూడడానికి కుక్కలా ఉంటుంది. 2004లో మాకు దగ్గర్లోని ఎల్మెండార్ఫ్‌లో ఒక రైతు తన కోళ్లను తింటున్న అలాంటి జంతువును కాల్చారు. 2007లో క్యూరో పట్టణం దగ్గర ఇంకొక కళేబరం దొరికింది. 2008లో అదే జిల్లాలో ఒక డిప్యూటీ షెరిఫ్ కారులోని కెమెరాకు పరుగెత్తుతున్న వెంట్రుకలు లేని జంతువు చిక్కింది. ముళ్లు ఏమయ్యాయి, రెండు కాళ్ల నడక ఏమైంది అని అడిగినవారు తక్కువ. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా బరువైన సాక్ష్యం ఇదే అనిపిస్తుంది. ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేని రెండు జంతువులు పదేళ్ల తేడాతో ఒకే పేరు మోస్తున్నాయంటే, ప్రయాణం చేసింది పేరే గాని జంతువు కాదు.

దొరికిన కళేబరాలను పరీక్షించారు కూడా. క్యూరో జంతువు డి.ఎన్.ఎ.ను టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త మైఖేల్ ఫోర్‌స్ట్‌నర్ పరీక్షించి అది కయోటీ అని చెప్పారు. కయోటీ అంటే ఉత్తర అమెరికా అంతటా తిరిగే, మన తోడేలు కన్నా చిన్నదైన, నక్కకు పెద్దన్న వంటి జంతువు. తర్వాత డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు మళ్లీ పరీక్షించి, కయోటీకీ మెక్సికన్ తోడేలుకూ పుట్టిన సంకరం కావచ్చన్నారు. రెండు ఫలితాల్లో తేడా ఉన్నా, రెండూ కుక్కజాతి దాటి పోలేదు.

ఇక మా దొడ్డి సంగతి. ఫోన్‌లో విషయం చెప్పినప్పుడు నాన్న చుపకాబ్రా అన్న పేరును రెండుసార్లు అడిగి పలికించుకున్నారు. రాయదుర్గం దగ్గర ఆయన చిన్నతనమంతా గొర్రెల మంద వెంటే గడిచింది, తోడేలు ఎత్తుకుపోయిన గొర్రెలను చూసినవారు. ఆయన ఒక్కటే అడిగారు: "పీల్చిందంటావే, మెడకాడ తోలు తీసి చూసినావా నాయనా? ఏం పట్టిందో తోలు కిందనే ఉంటాది."

తీసి చూశాను. మూడో పిల్ల చనిపోయిన రోజు పొద్దున్నే, ఎండ ఎక్కక ముందే, గడ్డం కింద నుంచి రొమ్ము దాకా తోలు ఒలిచాను. పైన కనిపించింది రెండు రంధ్రాలే గాని, లోపలి వైపు దవడ కింద నాలుగు జతల పంటి గాట్లు ఉన్నాయి. వాటి చుట్టూ కండ నేరేడుపండు రంగులో కమిలి, రక్తం గడ్డకట్టి ఉంది. బతికుండగా కరిస్తేనే అలా కములుతుంది, చచ్చిన తర్వాత కొరికితే కమలదు. ఒక జతలో రెండు కోరల మధ్య దూరాన్ని టేపుతో కొలిస్తే అంగుళంన్నరకు కాస్త తక్కువ వచ్చింది. గొంతును దవడ వెనకగా పట్టి, ఊపిరాడకుండా చేసి చంపడం కయోటీ పద్ధతి. వెంట్రుకల కింద కోరల గుర్తులు చిన్న రంధ్రాల్లా కనబడతాయి, మిగతా గాయమంతా తోలు కిందే ఉండిపోతుంది. మరి రక్తం ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. గుండె ఆగిన తర్వాత రక్తం కిందివైపు దిగి, గడ్డకడుతుంది. పిల్ల ఎడమ పక్కకు పడి ఉంది కాబట్టి ఎడమ వైపు తోలు కింద ఊదారంగు చారలుగా దిగి ఉంది. ఉదయం వెళ్లి పైవైపు కోసి చూసినవారికి చుక్క రక్తం కనబడదు. కళ్లు, నాలుక పోయి ఉండడం చూసి మా ఇంట్లో అందరూ బెదిరిపోయారు. అది తెల్లవారగానే వచ్చే నల్ల రాబందుల పని అని నాకు తర్వాత కెమెరాయే చూపించింది. అవి మెత్తని చోట్లతోనే మొదలుపెడతాయి. అప్పుడే పుట్టిన పిల్లలనైతే బతికుండగానే పొడిచి చంపుతాయి.

కెమెరా పెట్టిన తొమ్మిదో రాత్రి ఒక జంతువు వెనక భాగం మాత్రమే పడింది. పద్నాలుగో రాత్రి, 3 గంటల 12 నిమిషాలకు, పూర్తి ఆకారం పడింది. ఆ ఫొటోను కంప్యూటర్‌లో తెరిచినప్పుడు నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయని చెప్పడానికి సంకోచించను. వెంట్రుక లేని ఒళ్లు, భుజాల మీద ఏనుగు తోలులా మడతలు పడిన చర్మం, ఎలుక తోకలాంటి తోక, తలకు మించిన చెవులు, తెల్లగా వెలిగే రెండు కళ్లు. దొడ్డి కంచె కన్నా ఎత్తుగా ఉన్నట్టు కనిపించింది. ఆ ఫొటోను అప్పుడే వాట్సాప్ గ్రూపులో పెట్టి ఉంటే సాయంత్రానికి మా ఊరు కూడా క్యూరో సరసన చేరేది.

ఈ కెమెరాల అసలు లోపం అక్కడే ఉంది, కొనేవారు దీన్ని ముందే తెలుసుకోవాలి. ఫొటోలో కొలత ఉండదు. కెమెరాకు నాలుగు అడుగుల దూరంలో ఉన్న చిన్న జంతువు, ఇరవై అడుగుల దూరంలో ఉన్న కంచె గుంజను మించిపోయి కనిపిస్తుంది. రాత్రి ఫొటోలో నీడలు ఉండవు కాబట్టి ఏది దగ్గర, ఏది దూరం అని కంటికి తెలియదు. మరుసటి రోజే ఒక ఇనుప గుంజకు అడుగడుగునా తెల్ల టేపు చుట్టి, జంతువు నడిచిన దారి పక్కనే పాతాను. మూడు వారాల తర్వాత అదే జంతువు, అదే తోకతో, ఆ గుంజను రాసుకుంటూ పోయింది. భుజం ఎత్తు రెండో టేపుకు కొంచెం కింద, సుమారు 22 అంగుళాలు. మామూలు కయోటీ ఎత్తు అంతే ఉంటుంది. కళ్ల వెలుగు కూడా అంతే సంగతి. కుక్క, పిల్లి, మేక, ఆవు, అన్నిటికీ కంటిపాప వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. మా మేకల కళ్లు కూడా ఆ కెమెరాలో దయ్యాల కళ్లలాగే మెరుస్తాయి.

వెంట్రుకలు లేకపోవడానికి కారణం గజ్జి. సార్కోప్టెస్ స్కాబియై అనే సూక్ష్మమైన పురుగు చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. దురదతో జంతువు గీరుకుని గీరుకుని వెంట్రుకలు రాలి, చర్మం మందమై, బూడిద రంగుకు తిరిగి, మొహం ఉబ్బుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈ పురుగులను అధ్యయనం చేసిన బారీ ఓకానర్ 2010లో ఇచ్చిన వివరణ నాకు చాలా నచ్చింది. ఈ పురుగు మనుషులకు, పెంపుడు కుక్కలకు పాత చుట్టం కాబట్టి మన ఒళ్లు దాన్ని కొంతవరకు తట్టుకుంటాయని, కయోటీలకు అది కొత్త కాబట్టి వాటిని కుళ్లబొడుస్తుందని ఆయన అన్నారు. బలం తగ్గిన కయోటీ జింకలను, కుందేళ్లను తరమలేక, పారిపోలేని మేకపిల్లల మీద పడుతుంది. అంటే ఆ వికార రూపానికీ, మా దొడ్డి మీది దాడికీ మూలం ఒకటే రోగం. పెద్దాయన చూసిన ఆ రెండింటి మధ్య సంబంధం నిజమే, దానికి పెట్టిన పేరు మాత్రమే తప్పు.

అయితే చూడి మేకను చంపింది ఆ కయోటీ కాదు. దాని గొంతు మీద గాయమే లేదు. వెనక కాళ్లు, చెవులు, పొదుగు చీలికలు పేలికలుగా ఉన్నాయి, కొంచెం కూడా తినలేదు. ఆ తీరు చూస్తేనే కుక్కలని అనుమానం రావాలి, నాకు రాలేదు. మార్చి చివర్లో రెండో కెమెరా, తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు, మెడలో పట్టీలున్న రెండు బలిసిన కుక్కలు కంచె కింద నుంచి దూరుతుండగా వరసగా ఆరు ఫొటోలు తీసింది. ఎవరి కుక్కలో ఇక్కడ రాయను. వాటి యజమాని ఫొటోలు చూసి, మారుమాట లేకుండా మేక ఖరీదు ఇచ్చి, మరుసటి రోజు నుంచి వాటిని రాత్రిపూట కట్టేస్తున్నారు. ఈ ఆరు ఫొటోలకే నేను పెట్టిన 140 డాలర్లు చెల్లిపోయాయని అనుకుంటాను. మన ఊళ్లలో దొడ్డిలో పడి ఒకే రాత్రి పది గొర్రెలను కొరికి చంపి, ఒక్కదాన్నీ తినకుండా పోయిన కుక్కల సంగతి విన్నవారికి ఇది కొత్తగా ఉండదు.

పరికరంగా దీని మంచిచెడులు చెప్పాలంటే, డబ్బా మీద రాసిన 30 మెగాపిక్సెళ్ల మాటను నమ్మకండి. లోపలి సెన్సార్ అంతకన్నా చాలా చిన్నది, ఫొటోను సాగదీసి ఆ లెక్క చూపిస్తారు. రాత్రి పరుగెత్తే జంతువు మసకగా, కాళ్లు సాగినట్టుగా వస్తుంది, ఆ సాగిన కాళ్లను చూసి కూడా కథలు పుడతాయి. జులై, ఆగస్టుల్లో వాతావరణం ఒంటి వేడికి చేరినప్పుడు సెన్సార్ మందగించి సగం జంతువులను వదిలేసింది. ఎండకు వేడెక్కిన గడ్డి గాలికి ఊగితే మాత్రం వందల ఫొటోలు తీసింది. తూర్పుకో పడమరకో తిప్పి పెట్టకుండా ఉత్తరానికి తిప్పి, మోకాలి ఎత్తుకు కాస్త పైన కట్టి, ముందున్న గడ్డి కోసేస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు నెలన్నరకే నీరసించి, రాత్రి దీపాల వెలుగు పడిపోయింది. లిథియం ఎఎ బ్యాటరీలు వేశాక ఆరు నెలలు నడిచింది. వేసవిలో ఒక కెమెరా డబ్బాలో నిప్పుచీమలు పుట్ట పెట్టి తీగలను పాడుచేశాయి. అమ్మినవారికి రాస్తే అది వారంటీ కిందికి రాదని జవాబు వచ్చింది. డబ్బా అంచుకు రబ్బరు పట్టీ సరిగ్గా బిగుసుకోకపోవడం తయారీ లోపమే కదా అన్న నా మాటకు మళ్లీ సమాధానం రాలేదు. వాన నీటిని మాత్రం బాగానే తట్టుకుంది.

ఫొటోలను నేరుగా ఫోన్‌కు పంపే సెల్యులార్ రకం దీనికి రెట్టింపు ధర, పైగా నెలనెలా చందా ఉంటుంది. దొడ్డి ఇంటికి దూరంగా ఉన్నవారికి అది తప్పదు. మాకు రోజూ పొద్దున కార్డు తీసి చూసే వీలుంది కాబట్టి అవసరం పడలేదు. ఎన్ని కెమెరాలు కొన్నా కంచె పని చేయవు. మేము కంచె కింద భూమిలోకి అడుగు లోతున జాలీ దించి, పైన కరెంటు తీగ లాగి, ఏప్రిల్‌లో ఒక గ్రేట్ పైరినీస్ కాపలా కుక్కను తెచ్చుకున్నాము. ఆ తర్వాత మేకపిల్ల ఏదీ పోలేదు.

ఆ గజ్జి కయోటీ చివరిసారి మే 6న పడింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి, తల దించుకుని గుంజ పక్క నుంచి కుంటుతూ పోయింది. దాన్ని చూస్తే భయం కాక జాలి కలిగింది. ఆ ఫొటోను ముద్ర వేయించి పక్క రాంచ్ పెద్దాయనకు ఇచ్చాను. ఆయన టేపు గుర్తులను వేలితో లెక్కపెట్టి, చిన్నదే అన్నారు. కాసేపాగి, తన దూడల దొడ్డి దగ్గర కూడా గుంజ పాతిస్తానని, ఒక కెమెరా నెల రోజులు ఇస్తావా అని అడిగారు. ఇచ్చాను. పోయిన వారం ఆయన తెచ్చి ఇచ్చిన కార్డులో గడ్డి ఊగిన ఫొటోలు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటి మధ్య అడవి పందులు, రెండు రకూన్లు, రెండో టేపుకు బాగా కిందుగా, తోక లేనట్టు కనిపించే ఒక బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లి ఉన్నాయి. కెమెరాను ఇంకొక నెల ఉంచుకోమన్నాను.